కాఫీ కప్పు, కప్పు కాఫీ



మొన్నొకరోజు పొద్దున్నే పేపరు మీంచి తల ఎత్తకుండా, "ఆ కాఫీ కప్పు ఇలా ఇవ్వవోయ్" అన్నాను మా ఆవిడతో. కప్పు చేతికొచ్చింది. నోటిదాకా తీసుకెళ్ళాక చూస్తే అందులో చుక్క కాఫీ లేదు. కడిగి, తుడిచి, బోర్లించిన కప్పు తీసి ఇచ్చింది. ఇదేమిటన్నాను. "మీరు అడిగింది కాఫీ కప్పు కదండీ, అదే ఇచ్చాను. కప్పు కాఫీ కావాలంటే అలా అడగాలి" అంది. ఆవిడ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైంది. నేనేమో ఓ దినపత్రిక డెస్కు మీద ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేస్తూ బతికినవాణ్ణి. అందుకని మా ఇంట్లో గొడవలు ఉప్పూ పప్పూ దగ్గర కాక మాటల దగ్గర వస్తాయి.

ఖాళీ కప్పు పట్టుకుని ఆలోచిస్తే ఆవిడన్నదే సబబు. రెండు పేర్లు పక్కపక్కన చేరినప్పుడు చివరిదే అసలు సరుకు. ముందున్నది దాని ఆనవాలు. కాఫీ కప్పు అంటే ఒక రకం కప్పు. కప్పు కాఫీ అంటే అంత కొలత కాఫీ. హోటల్లో ప్లేటు మీల్సు అంటే భోజనం, మీల్సు ప్లేటు అంటే తోమాల్సిన కంచం. ఇంగ్లీషువాడి లెక్క కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే వాడికి కొలత చెప్పాలంటే మధ్యలో ఓ 'ఆఫ్' కావాలి. టీ కప్ అంటే పాత్ర, తాగేది కప్ ఆఫ్ టీ. వైన్ గ్లాస్ అద్దాల బీరువాలో ఉంటుంది, గ్లాస్ ఆఫ్ వైన్ గొంతులోకి దిగుతుంది. మ్యాచ్ బాక్సులో పుల్లలన్నీ అయిపోయినా అది మ్యాచ్ బాక్సే. బాక్స్ ఆఫ్ మ్యాచెస్ అన్నారంటే మాత్రం లోపల పుల్లలు ఉండి తీరాలి.

చివరిమాట సంగతి పట్టుబడితే ఇంగ్లీషులో తలకిందుల జంటలు చాలావరకు విడిపోతాయి. హౌస్‌బోట్, బోట్‌హౌస్ తీసుకోండి. శ్రీనగర్‌లో దాల్ సరస్సు మీద, కేరళలో అలెప్పీ కాలవల్లో టూరిస్టులు పడుకునేది హౌస్‌బోట్. అది పడవ, ఇల్లులా వాడుకునే పడవ. బోట్‌హౌస్ అయితే ఒడ్డున కట్టిన షెడ్డు, పడవలు పెట్టుకునే చోటు. గెస్ట్‌హౌస్‌లో దిగినవాడు గది ఖాళీ చేసే టైము ముందే రాసిపెట్టి ఉంటుంది. హౌస్ గెస్ట్ అంటే మన ఇంట్లోనే దిగిన చుట్టం, ఎప్పుడు వెళతాడో అడగడానికి మొహమాటం. రేస్ హార్స్ గుర్రం, హార్స్ రేస్ పందెం. మలక్‌పేట రేస్‌కోర్సు తెలిసినవాళ్ళకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. మొదటిది గడ్డి తింటుంది, రెండోది జీతం తింటుంది.

షుగర్‌కేన్ అంటే చేలో నిలబడ్డ చెరకు. కేన్ షుగర్ అంటే దాన్నుంచి తీసిన పంచదార. అనకాపల్లి రైతుకు ఈ రెండో మాట వింతగా ఉంటుంది. పంచదార చెరకులోంచి రాక మరెందులోంచి వస్తుందంటాడు. యూరప్‌లో బీట్ దుంపల్లోంచి తీస్తారు. పక్కన దుంప పంచదార ఉంది కాబట్టే వాళ్ళకి ఇది చెరకు పంచదార అని చెప్పుకోవాల్సి వచ్చింది. ముందుమాట తగిలించే అవసరం ఎప్పుడూ ఇలాగే పుడుతుంది. ఇంట్లో ఒకే చెప్పుల జత ఉన్నవాడు చెప్పులంటాడు, రెండోది కొన్నాక అది బాత్‌రూం చెప్పులైపోతుంది.

తెలుగుకి ఇక్కడో వెసులుబాటు ఉంది. ముందుమాట చాలాసార్లు వేషం మార్చుకుని వస్తుంది. ఇల్లు ఇంటి అవుతుంది. ఏరు ఏటి, నోరు నోటి, కన్ను కంటి. ఇంటి పడవ అన్నామంటే అసలు సరుకు పడవేనని ఆ 'టి' చెప్పేస్తుంది. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. పరీక్ష కోసం నేను బట్టీ పట్టి మర్చిపోయిన మాట ఇది. ఇంగ్లీషు హౌస్‌కి మార్చుకోవడానికి వేషం లేదు. ముందు నిలబెట్టినా హౌసే, వెనక నిలబెట్టినా హౌసే. నిలబడ్డ చోటును బట్టి దాని హోదా మనమే పోల్చుకోవాలి.

వెసులుబాటుతో పాటు చిక్కూ ఉంది. హోంవర్కు, హౌస్‌వర్కు రెండూ మనకు ఇంటిపనే. మొదటిది పిల్లలు బడి నుంచి మోసుకొచ్చేది, రెండోది అంట్లు, గుడ్డలు, చీపురు. ఇంటిపని చేశావా అని అడిగితే మా ఇంట్లో నేనూ మా అబ్బాయీ ఇద్దరం ఒకేసారి తల దించుకునేవాళ్ళం. ఇక ఆ హౌస్‌వర్కునే తిరగేసి వర్క్‌హౌస్ అంటే నవ్వే మాట కాదు. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం తర్వాత, దిక్కులేనివాళ్ళను చేర్చుకుని, గొడ్డుచాకిరీ చేయించి, అర్ధాకలిగా తిండి పెట్టిన ఇళ్ళవి. డికెన్స్ నవలలో ఆలివర్ ట్విస్ట్ పుట్టింది అలాంటి ఇంట్లోనే. దాన్ని పనిచేసే ఇల్లు అనో కర్మాగారం అనో తెలుగు చేస్తే ఆ పిల్లవాడి ఆకలి మనదాకా రాదు.

నా సంగతి చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్త. టెలిప్రింటర్ మీద బడ్జెట్ వార్త ఒకటి వచ్చింది. అందులో హౌసింగ్ ఔట్‌లే ఇన్ని కోట్లని ఉంది. రాత్రి పదకొండు దాటింది, అవతల పేజీ వెళ్ళిపోతోంది. ఔట్‌లే అన్నది నా కళ్ళకు లేఅవుట్‌లా కనబడింది. ఇళ్ళ లేఅవుట్లకు అన్ని కోట్లు అని హెడ్డింగు పెట్టి పంపేశాను. ఔట్‌లే అంటే వెచ్చించడానికి కేటాయించిన సొమ్ము. లేఅవుట్ అంటే స్థలాన్ని ప్లాట్లుగా, రోడ్లుగా పరిచే పద్ధతి. రెంటికీ ముక్కలు అవే, వరుస తిరగబడింది. మర్నాడు చీఫ్ సబ్ ఎడిటరు నన్ను పిలిచి కూర్చోబెట్టి, "ఎకరాలెన్నో రాయలేదేమయ్యా? కార్నర్ ప్లాట్లు ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు డెస్కులో నా పేరు కార్నర్ ప్లాటు.

ఈ జాతి మాటలకు నేనిందాక చెప్పిన చివరిమాట సూత్రం పనికిరాదు. ఔట్ అనేది వస్తువు కాదు కదా. వ్యాధి ప్రబలితే ఔట్‌బ్రేక్, ఖైదీలు గోడ దూకి పారిపోతే బ్రేకౌట్. ఒక కంపెనీని ఇంకోటి చేజిక్కించుకుంటే టేకోవర్, లారీని దాటి ముందుకెళితే ఓవర్‌టేక్. రాత్రి తాగినదాని తలనొప్పి హ్యాంగోవర్, గోడ మీంచి ముందుకు పొడుచుకొచ్చిన కప్పు అంచు ఓవర్‌హ్యాంగ్. దేని కథ దానిదే, విడివిడిగా పరిచయం చేసుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. దీని మీద ఇంతకంటే కాలయాపన చెయ్యను.

అసలు మజా ఉన్నది ఇంకోచోట. వరుస ఒకటే, చివరిమాట ఒకటే, అయినా రెండు మాటల మధ్య చుట్టరికం వేరైన జంటలు ఉన్నాయి. బేబీ పౌడర్ పిల్లల ఒంటికి రాస్తారు. ఫ్లీ పౌడర్ కూడా అలాంటి పౌడరే. ఫ్లీ అంటే కుక్కల ఒంటి మీద ఉండే చిన్న పురుగు. ఒక పౌడరు బిడ్డ సుఖం కోరి చల్లేది, రెండోది పురుగు ప్రాణం తీయడానికి చల్లేది. డబ్బా మీద మాత్రం రెండు పేర్లూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. హోమ్‌సిక్, సీసిక్ చూడండి. సముద్రం మీదికెళ్ళి, అలల కుదుపుకి కడుపులో తిప్పితే సీసిక్. ఇంటికెళ్ళినందుకు వచ్చే జబ్బు కాదు హోమ్‌సిక్, ఇల్లు దూరమైనందుకు వచ్చేది. సముద్రం ఉండబట్టి ఒకటి, ఇల్లు లేకపోబట్టి మరొకటి. హార్స్ షూ అంటే గుర్రానికి కొట్టే నాడా. ఎలిగేటర్ షూస్ అంటే మొసలికి తొడిగే బూట్లు కావు, మొసలి తోలుతో కుట్టినవి.

దీనికి మా ఆవిడ దగ్గర మందుంది. విగ్రహవాక్యం చెప్పమంటుంది. మీరంతా బళ్ళో చేసే ఉంటారు. సమాసాన్ని విప్పి, మధ్యలో మాయమైన విభక్తిని వెతికి పట్టుకురావడం. బేబీ పౌడర్ అంటే బేబీ కొరకు పౌడర్, చతుర్థీ తత్పురుష. ఎలిగేటర్ షూస్ అంటే తోలుతో చేసినవి, తృతీయ. సన్‌లైట్ అంటే సూర్యుని యొక్క వెలుగు, షష్ఠి. ఇంగ్లీషు సమాసాలను ఇలా మన విభక్తుల ఇనుపగజ్జెలు కట్టి ఆడించడం చూస్తే మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ పని ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే మనకంటే ముందు చేశారని. అమెరికా భాషాశాస్త్రవేత్త లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లో వేసిన 'లాంగ్వేజ్' పుస్తకంలో ద్వంద్వం, తత్పురుషం, బహువ్రీహి అనే సంస్కృతం పేర్లు కూడా వాడాడు. ఇవాళ్టికీ వాళ్ళ భాషాశాస్త్రం పుస్తకాల్లో బహువ్రీహి అన్న మాట కనబడుతుంది. వాళ్ళ విద్యార్థులు దాన్ని పలకలేక పడే అవస్థ నేను ఊహించుకోగలను.

బహువ్రీహి అనుకున్నాం కాబట్టి చెబుతున్నాను. పిక్‌పాకెట్ అన్న మాటలో చివరిది పాకెట్. నా సూత్రం ప్రకారం అదొక రకం జేబు కావాలి. కానీ వాడు జేబులు కొట్టే దొంగ. రెడ్‌హెడ్ అంటే ఎర్రటి తల అని కాదు, ఎర్రజుట్టు మనిషి. రెండు ముక్కల్లోనూ లేని మూడోవాడు బయట నిలబడి ఉంటాడు. మనకు శివుడు ముక్కంటి అయినట్టే. మూడు కళ్ళు అని అర్థం తీసి ఊరుకోం, ఆ కళ్ళున్న ఆయన్ను చూస్తాం.

విగ్రహవాక్యం కూడా లొంగదీయలేని చుట్టరికాలు కొన్ని ఉన్నాయి. 1977లో పమేలా డౌనింగ్ అనే భాషావేత్త ఇంగ్లీషు సమాసాల మీద ఒక వ్యాసం రాసింది. అందులో ఆపిల్ జ్యూస్ సీటు అన్న ఉదాహరణ బాగా పేరుపడింది. ఇంటికొచ్చిన అతిథిని పొద్దున బల్ల దగ్గర ఆపిల్ జ్యూస్ సీట్లో కూర్చోమన్నారట. బల్ల మీద అన్ని చోట్లా నారింజ రసం, ఒక్కచోట మాత్రం ఆపిల్ రసం పెట్టి ఉంది. దాని ఎదురుగా ఉన్న కుర్చీ అన్నమాట. ఏ నిఘంటువులోనూ దొరకదు. ఆ పూట, ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకే అర్థం. మా ఇంట్లో పెళ్ళి బకెట్టు ఒకటుంది. మా చెల్లెలి పెళ్ళిలో సాంబారు వడ్డించడానికి కొన్నది. ఇప్పుడు మొక్కలకు నీళ్ళు పోస్తాం. కొత్త పనిమనిషి వచ్చిన రోజున పెళ్ళి బకెట్టు పట్రా అంటే పాపం ఇల్లంతా చూసి, "పెళ్ళెవరికమ్మా?" అంది.

ఇక అచ్చు సంగతి. రెండు మాటలు కలిపి రాయాలా, విడిగా రాయాలా, మధ్యలో అడ్డగీత పెట్టాలా? కలిపి రాస్తే సమాసం, విడిగా రాస్తే కాదు అని మా తరానికి నేర్పారు. నమ్మకండి. గ్రీన్‌హౌస్ కలిపే రాస్తారు, స్విమ్మింగ్ పూల్ విడిగానే రాస్తారు, రెండూ సమాసాలే. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరో కూర్పు వేసినప్పుడు సుమారు 16,000 మాటల్లో అడ్డగీత ఎత్తేశారు. ఐస్‌క్రీమ్ రెండు మాటలుగా విడిపోయింది. క్రైబేబీ ఒకటే మాటగా అతుక్కుపోయింది. దానివల్ల ఐస్‌క్రీమ్ రుచిలో గాని, ఏడుపు పిల్లల గొంతులో గాని తేడా ఏమీ రాలేదు.

తేడా పట్టుకోవాల్సింది చెవి. ఈ మాట రేడియోలో చెప్పడానికి వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే అచ్చులో దీన్ని చూపించడానికి తోవ లేదు. గ్రీన్ అన్న ముక్కను ఒత్తి, హౌస్‌ను తేలిగ్గా వదిలేస్తే, అది మొక్కలు పెంచే గాజు గది. హౌస్‌ను కూడా ఒత్తి పలికితే ఆకుపచ్చ రంగు వేసిన ఎవరిదో ఇల్లు. బ్లాక్‌ను ఒత్తితే బడిలో బోర్డు, దానికి ఆకుపచ్చ రంగు వేసినా బ్లాక్‌బోర్డే. మనమూ ఆకుపచ్చ నల్లబల్ల అని నిక్షేపంగా అంటున్నాం. టాయ్‌ను ఒత్తితే బొమ్మలు చేసే ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీని ఒత్తితే పిల్లలాడుకునే బొమ్మ ఫ్యాక్టరీ.

మనకి ఈ ఒత్తి పలకడంతో పని లేదు. తెలుగులో పలు, పాలు అన్నచోట దీర్ఘం మారితే అర్థం మారుతుంది గాని, ఏ అక్షరాన్ని ఊది పలికినా పాలు పాలే. పైగా మనం ఇంగ్లీషు నేర్చుకున్నది చాలావరకు కంటితో. పుస్తకం చూసి, గైడు చూసి. నలభై ఏళ్ళు ఇంగ్లీషుతో వ్యాపారం చేసిన నాకు ఇది పదేళ్ళ పిల్ల చెబితే గాని తెలియలేదు. మా మనవరాలు న్యూజెర్సీలో పుట్టింది. కిందటేడు సెలవులకు వచ్చినప్పుడు నా చిన్ననాటి కబుర్లు దానికి ఇంగ్లీషులో చెబుతూ, మా ఇంగ్లీష్ టీచర్‌ని చూస్తే మాకు హడలు అన్నాను. టీచర్ అన్న మాట గట్టిగా పడింది కాబోలు. అది కళ్ళు పెద్దవి చేసుకుని, "మీ స్కూలుకి ఇంగ్లండ్ నుంచి వచ్చేవారా తాతయ్యా?" అని అడిగింది. "లేదమ్మా, తెనాలి నుంచి వచ్చేవారు" అన్నాను.

అప్పుడు కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పింది. ఇంగ్లీష్ అన్నదాన్ని ఒత్తితే ఇంగ్లీషు చెప్పే టీచరు. టీచర్‌ను ఒత్తితే ఇంగ్లండు దేశపు టీచరు. ఎవరు చెప్పారే నీకు అంటే ఎవరూ చెప్పలేదంది. నిజమే, దానికి సూత్రం తెలియదు, చెవికి తెలుసు. వాళ్ళ ఊళ్ళలో ఫిఫ్త్ స్ట్రీట్ అంటే ఫిఫ్త్‌ను ఒత్తుతారు, ఫిఫ్త్ ఎవెన్యూ అంటే ఎవెన్యూని ఒత్తుతారు. ఎందుకలా అని అడిగితే భుజాలు ఎగరేసింది. వ్యాకరణవేత్తల్లో కూడా ఈ ప్రశ్నకు భుజాలు ఎగరేసినవాళ్ళున్నారు.

నేనీ ముచ్చట మా ఆవిడకి గొప్పగా చెప్పబోతే ఆవిడ ఇందులో కొత్తేముంది అంది. వృత్రాసురుడి కథ చెప్పింది. త్వష్ట కొడుకును ఇంద్రుడు చంపేశాడు. పగతో త్వష్ట యాగం చేసి, ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టి పెరగాలని కోరుతూ ఇంద్రశత్రు అన్న మాటతో ఆహుతి వేశాడు. శత్రువు అంటే అక్కడ సంహరించేవాడు. స్వరం చివర ఉంటే తత్పురుష, ఇంద్రుణ్ణి చంపేవాడు అని. ఆయన నోట స్వరం మొదట్లో పడింది. బహువ్రీహి అయిపోయింది, ఇంద్రుడే తనను చంపేవాడుగా గలవాడు అని. వృత్రుడు పుట్టాడు, పెరిగాడు, ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. తైత్తిరీయ సంహితలో ఉంది ఈ కథ. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి మహాభాష్యంలో దీన్నే ఎత్తి చూపించాడు. అక్షరం మారలేదు, వరుస మారలేదు, మారింది స్వరం ఒక్కటే. నా తెనాలి మాస్టారు ఇంగ్లండువాడైపోవడానికీ దీనికీ ఆట్టే తేడా లేదు. కాకపోతే నాకు ప్రాణం మీదికి రాలేదు.

మనవరాలు తిరుగు ప్రయాణం కట్టే ముందు ఇంకో సంగతి జరిగింది. దానికి కొంచెం దగ్గు. మా ఆవిడ వంటింట్లో అలమర తీసి దగ్గు మందు సీసా ఇచ్చింది. ఈ పిల్ల తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. వెనకాల ఇంకో డబ్బా కనబడితే దాని మీద మా ఆవిడ అంటించిన చీటీ చదివింది. చీమల మందు. దాని పక్కనే మా అబ్బాయి చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఉండే పసరు సీసా, పిల్లల మందు. మూడూ వరసగా బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నాయనమ్మ కొంగు పట్టుకుని, "చీమలకి ఏం జబ్బు నాయనమ్మా?" అని అడిగింది.

మా ఆవిడ విగ్రహవాక్యం చెప్పడానికి నోరు తెరిచింది. చీమల కొరకు మందు అని సగం అన్నాక ఆగి, నా వంక చూసింది. నేను గబగబా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.